శాంపిల్ ఫెయిలైతే జరిమానానా, జైలా? ఆహార భద్రత చట్టంలో కేసు నడిచే తీరు

మీరు అడిగింది ఇదీ: నెయ్యి ప్యాక్ చేసే చిన్న యూనిట్, దానికి ఆనుకుని స్వీట్ షాపు. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ వచ్చి నెయ్యి, జిలేబీ శాంపిళ్లు తీసుకెళ్లారు. ఇప్పుడు నెయ్యి ‘సబ్‌స్టాండర్డ్’ అని, జిలేబీ ‘అన్‌సేఫ్’ అని రిపోర్టులు వచ్చాయి. ఎంత జరిమానా పడుతుంది, జైలుశిక్ష ఉంటుందా, లైసెన్సు నిలుస్తుందా, ఇప్పుడు చేయాల్సిందేమిటి?

అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. ఆ రిపోర్టులు మీ చేతికందిన తేదీని కవరు మీదే రాసి పెట్టుకోండి. ఆ తేదీ నుంచి 30 రోజుల్లోపు డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు (మీ ప్రాంతంలో ఈ చట్టం అమలు చూసే అధికారి) ఫారం 8లో అప్పీలు పెట్టుకోవచ్చు. చాలామంది ఈ గడువు దాటాక లాయరు దగ్గరికి పరుగెత్తుతారు. అప్పటికి రిపోర్టులో ఉన్నది ఉన్నట్టే నిలబడిపోతుంది. ఈ చట్టంలో డబ్బుతో పోతుందా, బోనెక్కాల్సి వస్తుందా అన్నది శాంపిల్‌ను ల్యాబులో పరీక్షించిన ఎనలిస్టు రాసిన ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంటుంది. కాబట్టి ముందు ఆ మాట సంగతి చూద్దాం.

1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టంలో నాణ్యత కాస్త తగ్గినా, విషం కలిపినా దాదాపు ఒకే గాటన కట్టేవారు. రెండూ క్రిమినల్ కోర్టుకే వెళ్లేవి. దాని స్థానంలో వచ్చిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 వీటిని విడదీసింది. ఇది పూర్తిగా అమల్లోకి వచ్చింది 2011 ఆగస్టు 5న. ప్రమాణాలకు తగ్గింది కానీ ఆరోగ్యానికి హాని చేసే స్థాయిలో లేదు అంటే ‘సబ్‌స్టాండర్డ్’. లేబుల్ మీద తప్పుడు సమాచారం ఉన్నా, ఉండాల్సింది లేకపోయినా ‘మిస్‌బ్రాండెడ్’. ఈ రెండింటికీ జైలు లేదు, డబ్బు మాత్రమే. ఆరోగ్యానికి హాని చేసేది ‘అన్‌సేఫ్’, అంటే సురక్షితం కాని ఆహారం. ఇది నేరం, కోర్టుకే వెళుతుంది. అందుకే మీ రెండు రిపోర్టులూ ఒకే కవర్లో వచ్చినా రెండూ చెరో దారి పడతాయి. నెయ్యి ఫైలు జిల్లాలో జరిమానా తేల్చే అడ్జుడికేటింగ్ ఆఫీసర్ దగ్గరికి, జిలేబీ ఫైలు ఆహార భద్రత కమిషనర్ అనుమతి కోసం పైకి వెళతాయి.

నెయ్యి సబ్‌స్టాండర్డ్ అని వచ్చిందంటే డాల్డా కలిపారనే అర్థం కాదు. రిపోర్టులో ఏ పరీక్ష తప్పిందో చూడండి. బౌడౌయిన్ పరీక్ష పాజిటివ్ వస్తే వనస్పతి కలిసిందన్న అనుమానం బలంగా ఉంటుంది, ఎందుకంటే వనస్పతిని గుర్తుపట్టడానికే అందులో నువ్వుల నూనె కలుపుతారు. అలా కాక రైచెర్ట్ మైసెల్ విలువ (నెయ్యిలో సహజంగా ఉండే కొన్ని కొవ్వు ఆమ్లాల కొలత) ఒక్కటే కొద్దిగా తగ్గితే కథ వేరు. పశువుల మేతను బట్టి, కాలాన్ని బట్టి కూడా ఆ విలువ మారుతుంది. తేమ ఎక్కువ ఉంటే కాచడంలో తేడా జరిగి ఉండొచ్చు. ‘నేను కలపలేదు’ అంటే తప్పించుకోలేరు గానీ, జరిమానా ఎంత వెయ్యాలో తేల్చేటప్పుడు ఈ తేడాకు విలువ ఉంటుంది.

జిలేబీ అన్‌సేఫ్ అని వచ్చిందంటే ఎక్కువగా రంగు దగ్గరే దొరికిపోతారు. మిఠాయిల్లో అనుమతి ఉన్న సింథటిక్ రంగులకు పరిమితి కిలోకు 100 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో పదో వంతు. కంటికి కనిపించే ఒక చిటికెడులోనే అంతకు మించి ఉంటుంది. చేతి అంచనాతో పిండిలో రంగు వేస్తే పరిమితి దాటడం ఖాయం. రంగును మిల్లీగ్రాముల త్రాసులో తూచి, నీళ్లలో కలిపి, ఆ ద్రావణాన్ని కొలతతో పోస్తే తప్ప ఇది అదుపులో ఉండదు. పైగా ఆ పరిమితి తినే మిఠాయికి వర్తిస్తుంది, పిండికి కాదు. ఇక మెటానిల్ ఎల్లో, రోడమిన్ బి లాంటి అనుమతి లేని రంగులకు పరిమితి అన్న మాటే లేదు, కాస్త కనిపించినా అన్‌సేఫే. నిర్దేశించినవి కాకుండా వేరే రంగు గానీ ప్రిజర్వేటివ్ గానీ ఉండటం సెక్షన్ 3లోని అన్‌సేఫ్ నిర్వచనంలో విడిగా ఉంది. అయితే ఆ నిర్వచనం మొదలయ్యేదే ‘ఆరోగ్యానికి హానికరం అయ్యేలా’ అన్న మాటతో. కాబట్టి రిపోర్టులో ఏ రంగు, ఎంత, ఏ పద్ధతిలో తేలింది, అన్‌సేఫ్ అనడానికి కారణం ఏం రాశారు అన్నవి మీ లాయరు చేత అక్షరం అక్షరం చదివించండి.

ఇప్పుడు అప్పీలు. శాంపిల్‌ను నాలుగు భాగాలు చేస్తారు. ఒకటి ఫుడ్ ఎనలిస్టుకు వెళుతుంది. రెండు భాగాలు డిజిగ్నేటెడ్ ఆఫీసర్ దగ్గర భద్రంగా ఉంటాయి. నాలుగోది మీరు కోరితే గుర్తింపు పొందిన వేరే ల్యాబుకు పంపుతారు. ఈ కోరిక శాంపిల్ తీసిన రోజే రాతపూర్వకంగా పెట్టాలి. అక్కడి రిపోర్టు, ఎనలిస్టు రిపోర్టు వేర్వేరుగా వస్తే ఆఫీసర్ తన దగ్గరున్న భాగాన్ని ఇలాంటి వివాదాలు తేల్చే పై ల్యాబుకు, అంటే రెఫరల్ ల్యాబుకు పంపాలి. అక్కడ తేలిందే తుది మాట. మీరు ఆ రోజు అడగలేదనుకుంటాను. అయినా సెక్షన్ 46(4) కింద అప్పీలు దారి ఇంకా తెరిచే ఉంది. అప్పీలు సమంజసం అనిపిస్తే డిజిగ్నేటెడ్ ఆఫీసర్ శాంపిల్‌ను రెఫరల్ ల్యాబుకు పంపుతారు. మైసూరులో ఆహార సాంకేతికతపై పరిశోధన చేసే సీఎఫ్‌టీఆర్‌ఐ ల్యాబు అలాంటిదే.

అప్పీలులో ‘మా సరుకు మంచిదే, మళ్లీ పరీక్షించండి’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకోవద్దు. ఏ పరీక్ష ఫలితాన్ని మీరు ఒప్పుకోవట్లేదు, ఎందుకు అన్నది రాయండి. ఆ బ్యాచ్‌కు మీరు చేయించుకున్న టెస్ట్ రిపోర్టు ఉంటే జత చేయండి. జిలేబీ లాంటి త్వరగా పాడయ్యే వస్తువు విషయంలో ఇంకో లెక్క ఉంది. రోజులు గడిచేకొద్దీ శాంపిల్ చెడుతుంది. రంగు పరీక్షకు అది పెద్ద అడ్డంకి కాకపోవచ్చు, తేమకూ ఆమ్లతకూ సూక్ష్మజీవుల లెక్కకూ మాత్రం పెద్ద అడ్డంకే. 29వ రోజున కాకుండా మొదటి వారంలోనే అప్పీలు వేయమనడం అందుకే.

అప్పీలు నిలబడలేదనుకుందాం. నెయ్యి ఫైలు సెక్షన్ 51 కిందికి వస్తుంది. సబ్‌స్టాండర్డ్ ఆహారానికి జరిమానా గరిష్ఠంగా 5 లక్షల రూపాయలు. ‘గరిష్ఠంగా’ అన్న మాట గుర్తుంచుకోండి, అది పైకప్పు మాత్రమే. కొనేవాడు అడిగిన స్వభావం, నాణ్యత లేని సరుకు అమ్మితే సెక్షన్ 50 కింద కూడా 5 లక్షల వరకే, కానీ లైసెన్సు కాక రిజిస్ట్రేషన్ మాత్రమే ఉన్న చిరు వ్యాపారికి అది 25 వేలు దాటదు. మిస్‌బ్రాండెడ్‌కు సెక్షన్ 52 కింద 3 లక్షల వరకు, తప్పుదారి పట్టించే ప్రకటనకు సెక్షన్ 53 కింద 10 లక్షల వరకు. పురుగు, వెంట్రుక, రాయి లాంటివి వస్తే సెక్షన్ 54 కింద లక్ష వరకు, అపరిశుభ్రంగా తయారుచేస్తే సెక్షన్ 56 కింద మరో లక్ష వరకు. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ ఇచ్చిన ఆదేశాన్ని సరైన కారణం లేకుండా పాటించకపోతే సెక్షన్ 55 కింద 2 లక్షల వరకు. వంటగది శుభ్రం చేయమంటే చేయకుండా నాన్చేవాళ్లు చివరికి అసలు తప్పుకు పడే దానికంటే ఈ సెక్షన్ కిందే ఎక్కువ కట్టాల్సి రావొచ్చు. కల్తీకి వాడే పదార్థం మీ గోదాములో దొరికితే, దాన్ని సరుకులో కలిపినట్టు రుజువు కాకపోయినా, సెక్షన్ 57 కింద అది ఆరోగ్యానికి హాని చేయనిదైతే 2 లక్షలు, చేసేదైతే 10 లక్షల వరకు. వనస్పతి డబ్బాలు నెయ్యి యూనిట్‌లో పెట్టుకోవద్దని చెప్పేది అందుకే. స్వీట్ షాపు కోసం తెచ్చుకున్నవైనా వేరే గదిలో, వేరే స్టాకు రిజిస్టరుతో ఉంచండి.

లైసెన్సు అవసరమైనవాళ్లు అది లేకుండా వ్యాపారం చేస్తే సెక్షన్ 63 కింద పూర్వం ఆరు నెలల జైలు ఉండేది. 2023 నాటి జన్ విశ్వాస్ చట్టం ఆ జైలును తీసేసి 10 లక్షల వరకు డబ్బు పెట్టింది. తప్పుడు సమాచారం ఇస్తే పడే సెక్షన్ 61లో కూడా అలాగే జైలు పోయి 10 లక్షలు వచ్చాయి. ఇంటర్నెట్‌లో పాత పట్టికలు ఇంకా తిరుగుతున్నాయి, వాటిని నమ్ముకోవద్దు.

జరిమానా వేసే అడ్జుడికేటింగ్ ఆఫీసర్ అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో జాయింట్ కలెక్టర్, తెలంగాణలో అదనపు కలెక్టర్ ఈ పని చూస్తారు. వ్యాపారుల నోట ‘జేసీ కోర్టు’ అని వినిపించేది ఇదే. ఇక్కడ ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ దరఖాస్తు వేస్తారు, మీకు నోటీసు వస్తుంది, మీ మాట వింటారు, మొదటి విచారణ తేదీ నుంచి 90 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. పిలిచినా వెళ్లకపోతే మీరు లేకుండానే ఉత్తర్వు వెలువడుతుంది. ‘చిన్న జరిమానాయే కదా’ అని వెళ్లకుండా ఉండటం చాలా ఖరీదైన తప్పు, ఎందుకంటే జరిమానా ఎంతో తేల్చేది ఇక్కడే.

ఎంతో తేల్చడానికి ఆ అధికారి సెక్షన్ 49 చూడాలి. ఆ తప్పు వల్ల మీకొచ్చిన లాభం ఎంత, ఎవరికైనా నష్టం లేదా నష్టపోయే అవకాశం ఎంత, ఇది మళ్లీ మళ్లీ జరుగుతోందా, తెలియకుండా జరిగిందా అన్నవి అందులోని ప్రశ్నలు. మీ జవాబు ఈ ప్రశ్నల వరుసలోనే ఉండాలి. ఆ బ్యాచ్‌లో ఎన్ని కిలోలు తయారైంది, ఎన్ని అమ్ముడయ్యాయి, కిలోకు ఎంత మిగిలింది అన్నది బిల్లులతో చూపిస్తే లాభం ప్రశ్నకు జవాబవుతుంది. వెన్న ఎవరి దగ్గర కొన్నారో, వాళ్ల లైసెన్సు నంబరు, ఇన్‌వాయిస్‌తో ఇచ్చిన ఫారం ఇ హామీ పత్రం ఉంటే ‘తెలియకుండా జరిగింది’ అన్న మాటకు బలం వస్తుంది. రిపోర్టు వచ్చాక ఆ సరఫరాదారును మార్చారా, మిగిలిన సరుకును వెనక్కి తెచ్చారా, ప్రతి బ్యాచ్‌ను పరీక్షించడం మొదలుపెట్టారా అన్నవి కాగితం మీద చూపించండి. గతంలో ఒక్క కేసూ లేదని రాయడం మరచిపోవద్దు. క్షమాపణ పత్రం కన్నా ఈ కాగితాలు ఎన్నో రెట్లు పనిచేస్తాయి.

‘కాంపౌండింగ్’ చేసుకుంటే పోదా అని మీలాంటి వాళ్లు తరచూ అడుగుతారు. సెక్షన్ 69 కింద డిజిగ్నేటెడ్ ఆఫీసర్ లక్ష రూపాయల లోపు కట్టించుకుని కేసు ముగించే వీలుంది, కానీ అది చిరు తయారీదారులు, చిల్లర వ్యాపారులు, తోపుడు బండ్ల వాళ్లు లాంటి వాళ్ల కోసం. జైలుశిక్ష ఉన్న నేరాలకు అసలే వర్తించదు. మీ జిలేబీ ఫైలు ఆ దారిన పోదు. ఎవరైనా మధ్యవర్తి ‘అన్‌సేఫ్ కూడా మాట్లాడి కాంపౌండ్ చేయిస్తా’ అంటే నమ్మకండి. అధికారిక చలానా, రసీదు లేకుండా ఎవరికీ పైసా ఇవ్వొద్దు.

ఇక జిలేబీ కేసు. రిపోర్టు చూశాక డిజిగ్నేటెడ్ ఆఫీసర్ 14 రోజుల్లో ఇది జైలుశిక్ష ఉన్న నేరమా, డబ్బుతో పోయేదా తేల్చాలి. జైలుశిక్ష ఉన్నదైతే ఆహార భద్రత కమిషనర్‌కు సిఫారసు పంపుతారు. ప్రాసిక్యూషన్‌కు అనుమతి ఇచ్చేది కమిషనరే. మూడేళ్ల లోపు శిక్ష పడే నేరమైతే మామూలు మేజిస్ట్రేటు కోర్టుకు, అంతకు మించితే ప్రత్యేక కోర్టుకు, అది లేని చోట మామూలు కోర్టుకు పంపుతారు.

శిక్ష సెక్షన్ 59లో ఉంది. అన్‌సేఫ్ ఆహారం వల్ల ఎవరికీ హాని జరగకపోయినా మూడు నెలల వరకు జైలు, దాంతో పాటు 3 లక్షల వరకు జరిమానా. ఇదివరకు ఇది ఆరు నెలలు, లక్ష రూపాయలు. 2023 మార్పు జైలును తగ్గించి డబ్బును పెంచింది. తిన్నవాళ్లకు తీవ్రం కాని హాని జరిగితే ఏడాది వరకు జైలు, 3 లక్షల వరకు జరిమానా. తీవ్రమైన హాని జరిగితే ఆరేళ్ల వరకు, 5 లక్షల వరకు. మనిషి చనిపోతే కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు, జరిమానా 10 లక్షలకు తగ్గకూడదు. ఈ మెట్లన్నిటిలోనూ జైలుకు జరిమానా తోడవుతుంది, ఏదో ఒకటి ఎంచుకునేది కాదు. మీ విషయంలో ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి మొదటి మెట్టు. మూడేళ్లకు తక్కువ శిక్ష ఉన్న నేరాలు సాధారణ నియమం ప్రకారం బెయిల్ దొరికేవే. రేపే అరెస్టు చేస్తారన్న భయం పెట్టుకోనక్కర్లేదు. సమన్లు వస్తే మాత్రం తప్పకుండా హాజరు కావాలి, వాయిదా ఎగ్గొడితే వారెంటు వస్తుంది.

రెండోసారి అదే నేరానికి దోషిగా తేలితే సెక్షన్ 64 కింద మొదటి శిక్షకు రెట్టింపు, నేరం కొనసాగితే రోజుకు లక్ష వరకు అదనం, లైసెన్సు రద్దు. మీ పేరు, ఊరు, నేరం, శిక్ష మీ ఖర్చుతోనే పత్రికల్లో వేయించమని కూడా కోర్టు చెప్పొచ్చు. స్వీట్ షాపుకు ఆ ప్రకటన జరిమానా కన్నా పెద్ద దెబ్బ.

సీలు వేసి మీ దగ్గరే ఉంచిన సరుకును కదిలించినా, అమ్మినా సెక్షన్ 60 కింద ఆరు నెలల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా. అధికారిని అడ్డుకుంటే సెక్షన్ 62 కింద మూడు నెలల వరకు, లక్ష వరకు. సబ్‌స్టాండర్డ్ నెయ్యికి జైలు లేదు, కానీ ఆ నెయ్యి డబ్బా సీలు తీస్తే ఉంది. సీజ్ చేసిన సరుకు ఉన్న గదికి వేరే తాళం వేసి, పనివాళ్లందరికీ చెప్పండి. యజమానికి తెలియకుండా పనివాడు ఒక టిన్ను తీసి వాడేసినా ఆ చిక్కు మీదే.

అన్‌సేఫ్ సరుకుకు ఇండియన్ పీనల్ కోడ్‌లోని 272, 273 కింద కూడా కేసు పెడతామని పోలీసులు అన్నారా? 2024 ఫిబ్రవరిలో రామ్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. సెక్షన్ 89 వల్ల ఆహార భద్రత చట్టమే పైచేయి, సెక్షన్ 59 ఉన్నచోట ఆ రెండు సెక్షన్ల కింద విడిగా ప్రాసిక్యూషన్ చెల్లదని చెప్పింది. ఇప్పుడు ఆ సెక్షన్లు భారతీయ న్యాయ సంహితలో 274, 275గా ఉన్నాయి. ఎఫ్‌ఐఆర్ అయి ఉంటే మీ లాయరుకు ఈ తీర్పు చూపించండి.

కేసులు ఎక్కడ వీగిపోతాయో కూడా చెప్పాలి. ఇది అధికారులకూ పనికొచ్చే సంగతే. శాంపిల్ ఎలా తీశారో గుర్తు తెచ్చుకోండి. ముందు ఫారం 5ఎ నోటీసు ఇవ్వాలి. సరుకు ధర మామూలు రేటు ప్రకారం చెల్లించాలి. సాక్షిని పిలవాలి. సీసాలు శుభ్రంగా, పొడిగా ఉండాలి. పాల లాంటి వాటిలో నిల్వ కోసం ఫార్మలిన్ (దాదాపు 40 శాతం ఫార్మాల్డిహైడ్ ఉన్న ద్రావణం) ప్రతి 25 మిల్లీలీటర్లకు రెండు చుక్కల చొప్పున వేస్తారు, కానీ సూక్ష్మజీవుల పరీక్షకు పంపే శాంపిల్‌లో ఏ ప్రిజర్వేటివూ వేయకూడదు. సీసా మూత బిగించి, గట్టి కాగితంలో చుట్టి, డిజిగ్నేటెడ్ ఆఫీసర్ కోడ్ నంబరున్న చీటీని కింది నుంచి పై దాకా చుట్టూ అంటిస్తారు. మీ సంతకం సగం చీటీ మీద, సగం చుట్టిన కాగితం మీద పడాలి. అలా ఉంటే ఎవరైనా చీటీ లేపితే సంతకం చీలిపోతుంది. ఆ పైన దారంతో కట్టి, ముడుల మీద లక్క పోసి కనీసం నాలుగు సీళ్లు వేస్తారు: పైన ఒకటి, కింద ఒకటి, నడుమ రెండు. సీలు నమూనా ముద్ర శాంపిల్‌తో కాక విడిగా ఎనలిస్టుకు చేరాలి. ఇందులో ఏది తప్పినా, పరీక్షించింది మీ సరుకేనా అన్న అనుమానం కోర్టులో పుడుతుంది.

నాలుగు భాగాలూ ఒకేలా ఉండాలన్నది ఇంకో మెలిక. గడ్డకట్టిన నెయ్యి డబ్బాలో పైభాగం, అడుగుభాగం ఒకేలా ఉండవు. కరిగించి బాగా కలపకుండా పైనుంచి తీసి సీసాల్లో పోస్తే రెండు ల్యాబుల్లో రెండు ఫలితాలు రావడంలో ఆశ్చర్యం లేదు. ఇలాంటిది మీ కళ్ల ముందు జరిగితే పంచనామాలోనే మీ అభ్యంతరం రాయించండి. నెల తర్వాత రాసే ఉత్తరానికి ఆ విలువ ఉండదు.

ల్యాబుకూ అర్హత ఉండాలి. సెక్షన్ 43 ప్రకారం ఎన్‌ఏబీఎల్ లాంటి గుర్తింపు సంస్థ అక్రెడిటేషన్ ఉన్న ల్యాబులోనే పరీక్ష జరగాలి. 2015లో మ్యాగీ నూడుల్స్ నిషేధాన్ని బాంబే హైకోర్టు కొట్టేసిన కారణాల్లో ఇదొకటి. పరీక్షించిన ల్యాబులకు చట్టం కోరిన గుర్తింపు లేదని, సంస్థ వాదన వినకుండా నిషేధించారని కోర్టు తప్పుపట్టింది. మీ రిపోర్టు మీద ల్యాబు అక్రెడిటేషన్ నంబరు, ఏ పరీక్షలకు ఆ గుర్తింపు ఉందో చూడండి. ల్యాబుకు గుర్తింపు ఉండి, మీ సరుకు మీద చేసిన ఆ ఒక్క పరీక్షకు లేకపోవచ్చు.

ఎనలిస్టు 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలని సెక్షన్ 46 చెబుతోంది. అది దాటితే కేసు దానంతటదే పోతుందనుకోకండి. ఈ గడువు తప్పనిసరా, మార్గదర్శకమా అన్న దానిపై హైకోర్టుల తీర్పులు అన్నీ ఒకలా లేవు. ఆలస్యం వల్ల మీ సరుకు చెడిందనో, రెఫరల్ ల్యాబుకు వెళ్లే హక్కు పోయిందనో చూపించగలిగితే ఆ వాదనకు బరువు వస్తుంది. కోర్టు కేసును స్వీకరించడానికి సెక్షన్ 77 కింద నేరం జరిగిన తేదీ నుంచి ఏడాది గడువు, కమిషనర్ కారణాలు రాసి అనుమతిస్తే మూడేళ్ల దాకా. ఫైలులో ఆ అనుమతి ఉత్తర్వు ఉందా, అందులో కారణాలు నిజంగా రాశారా అన్నది లాయరు చూడాల్సిన మొదటి కాగితాల్లో ఒకటి.

కక్షతో, సరైన కారణం లేకుండా సరుకు సీజ్ చేసిన అధికారికి కూడా సెక్షన్ 39 కింద లక్ష వరకు జరిమానా ఉంది. ఆ అధికారి మీద తప్పుడు ఫిర్యాదు చేసినవాళ్లకు కనీసం 50 వేలు, లక్ష వరకు. ఆధారం లేకుండా ఆ దారి తొక్కకండి.

లైసెన్సు సంగతి. జరిమానా, జైలు ఒక ఎత్తు, లైసెన్సు వేరే ఫైలు. షాపులో లోపాలు కనిపిస్తే సెక్షన్ 32 కింద ముందు ఇంప్రూవ్‌మెంట్ నోటీసు ఇస్తారు. ఏది సరిలేదు, ఏం చేయాలి, ఎన్ని రోజుల్లో అన్నది అందులో ఉండాలి, ఆ గడువు 14 రోజులకు తగ్గకూడదు. చేయకపోతే లైసెన్సు సస్పెండ్ చేస్తారు, అప్పటికీ చేయకపోతే సంజాయిషీ అడిగి రద్దు చేస్తారు. ప్రజారోగ్యానికి ముప్పు ఉందనుకుంటే కారణాలు రాసి వెంటనే సస్పెండ్ చేసే అధికారమూ ఉంది. వీటి మీద అప్పీలు కమిషనర్‌కు. ఉత్తర్వు మీద 15 రోజులు. ఇంప్రూవ్‌మెంట్ నోటీసు మీదైతే ఆ 15 రోజులు, నోటీసులో రాసిన గడువు, ఈ రెండింటిలో ఏది ముందు ముగిస్తే అంతవరకే. కాబట్టి నోటీసులో 14 రోజులుంటే మీకున్నవీ 14 రోజులే. అందులోని పనులు పూర్తిచేసి, ఫొటోలు, బిల్లులు, పెస్ట్ కంట్రోల్ రసీదు, నీటి పరీక్ష రిపోర్టు, పనివాళ్ల మెడికల్ సర్టిఫికెట్లు జత చేసి తనిఖీకి రమ్మని రాతపూర్వకంగా కోరండి. పని చేసి ఆ సంగతి రాయకపోతే ఫైలు దృష్టిలో పని జరగనట్టే.

మీ నెయ్యి వేరే షాపుల్లో అమ్ముడవుతోంది కదా, వాళ్లకూ నోటీసులు వెళ్లి ఉండొచ్చు. సీలు పాకెట్‌ను కొన్నది కొన్నట్టు అమ్మిన దుకాణదారుకు సెక్షన్ 80 కింద తగిన జాగ్రత్త తీసుకున్నానన్న రక్షణ ఉంటుంది. అందుకు ఎవరి దగ్గర కొన్నదీ బిల్లుతో చూపాలి, హామీ పత్రం ఉండాలి, సరుకును లేబుల్ మీద చెప్పినట్టే నిల్వ చేసి ఉండాలి. మీరు బిల్లు లేకుండా ఇచ్చారంటే ఆ మనిషికి రక్షణ లేకుండా చేసింది మీరే. అలాగే ‘మంచిదనుకుని అమ్మాను’ అన్న నమ్మకం ఎంత సహేతుకమైనా అదొక్కటే రక్షణ కాదని అదే సెక్షన్ చెబుతోంది.

భాగస్వామ్య సంస్థగా నడుపుతున్నట్టయితే సెక్షన్ 66 మీకూ వర్తిస్తుంది, ఎందుకంటే ఈ చట్టంలో కంపెనీ అంటే భాగస్వామ్య సంస్థ కూడా. ఆహార భద్రతకు బాధ్యుడిగా ఎవరినైనా ఫారం 9లో నామినేట్ చేసి ఉంటే ఆ మనిషి ముందు నిలబడాలి. అలా ఎవరినీ చెయ్యకపోతే వ్యాపారం చూసుకునే ప్రతి ఒక్కరి పేరూ కేసులో చేరొచ్చు. ఏమీ తెలియని ఉద్యోగి చేత ఆ ఫారం మీద సంతకం పెట్టించడం మహా అన్యాయం. ఆ సంతకం ఆ మనిషిని జైలు దాకా తీసుకెళ్లగలదు.

బాధితుల వైపు నుంచి చదివేవాళ్ల కోసం ఒక్క మాట. ఆహారం వల్ల మనిషి చనిపోతే సెక్షన్ 65 కింద పరిహారం 5 లక్షలకు తగ్గకూడదు. తీవ్ర హానికి 3 లక్షల వరకు, ఇతర హానికి లక్ష వరకు. ఇది ఆరు నెలలు దాటకుండా ఇవ్వాలి, మరణం విషయంలో దగ్గరి బంధువులకు 30 రోజుల్లో తాత్కాలిక సాయం అందాలి. ఇది జరిమానాలో భాగం కాదు, విడిగా అడగాలి. ఆస్పత్రి కాగితాలు, కొన్న బిల్లు, మిగిలిన ఆహారం ఉంటే ఫ్రిజ్‌లో పెట్టి వెంటనే అధికారులకు తెలియజేయండి. సెక్షన్ 40 కింద కొన్నవాళ్లు సొంతంగా రుసుము కట్టి ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు, తప్పు తేలితే ఆ రుసుము వెనక్కి వస్తుంది. కాకపోతే పరీక్ష చేయించబోతున్నట్టు అమ్మిన వ్యక్తికి కొనే సమయంలోనే చెప్పాలి.

మళ్లీ మీ నెయ్యి దగ్గరికి. జాయింట్ కలెక్టర్ ఉత్తర్వు నచ్చకపోతే అది అందిన 30 రోజుల్లో ఫుడ్ సేఫ్టీ అప్పెలేట్ ట్రిబ్యునల్‌కు, అక్కడ నుంచి 60 రోజుల్లో హైకోర్టుకు వెళ్లొచ్చు. సివిల్ కోర్టుకు ఇందులో ప్రవేశం లేదు. అప్పీలు వేయకుండా, డబ్బూ కట్టకుండా ఊరుకుంటే సెక్షన్ 96 కింద ఆ మొత్తాన్ని భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు, కట్టేదాకా లైసెన్సు సస్పెన్షన్‌లో ఉంటుంది. కట్టాక చలానా ప్రతి ఒకటి ఉత్తర్వు ఇచ్చిన కార్యాలయానికి, ఇంకొకటి డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు ఇచ్చి, మీ దగ్గర ఉంచుకునే ప్రతి మీద ‘అందింది’ అని తేదీతో ముద్ర వేయించుకోండి. లైసెన్సు మళ్లీ తెరిపించడానికి అడిగేది ఆ కాగితమే.